తీసేసిన దారులు

"గంట పట్టే లెక్క నాలుగు నిమిషాల్లో తేలిపోయింది, చూశావా!" అంటూ ఇంజనీరు చెల్లెలి వైపు కుర్చీ తిప్పాడు. వరదొస్తే ఏ వీధివాళ్లు ఎటు వెళ్లాలో చెప్పే ప్రోగ్రామ్ అతనిది. ఆ దారుల్ని జనం ఫోన్లకు పంపడం ఆమె పని. ఆ రాత్రి నిజంగానే వరద వస్తోంది.

ఆమె తెర మీద మ్యాపు జరిపి చూసింది. "అన్నయ్యా, వాగు అవతలి పేటకి దారి లేదని వస్తోందేంటి?"

"రాకపోకలు తక్కువున్న దారులన్నీ సున్నా చేసేశాను. సున్నా ఉన్నచోట కంప్యూటర్ లెక్క చెయ్యకుండా దాటేస్తుంది. అందుకే ఇంత వేగం."

"అక్కడ నడక వంతెన ఉంది కదా! మనుషులున్నారు కదా!"

అతను గడియారం చూశాడు. ఆ దారులన్నీ కలిపి ప్రోగ్రామ్ మళ్లీ నడిపితే గంట పడుతుంది. నీళ్లు అరగంటలో వచ్చేస్తాయి.

"మిగతావాళ్లకి పంపెయ్. దారి లేదన్న చోట్లన్నీ నాకు చూపించు."

తెర నిండా పేటల పేర్లు, పక్కన ఫోన్ నంబర్లు. అతను ఫోనందుకుని వాగు అవతలి పేటలో మొదటి నంబరు కలిపాడు.

"ఎవరు బాబూ?" అంది అవతల ఓ ముసలి గొంతు.



"వరదొస్తోంది. ముందు అందరినీ లేపి వంతెన దాటండమ్మా," అన్నాడు.