బంద్ బటన్

“జర అల్కగ వాడేది చూపియ్యి జగదీష్. మా ఆమెకు ఫ్యాన్ స్విచ్చి తప్ప ఏం తెల్వదు,” అన్నాడు లక్ష్మీనర్సయ్య.

పక్కనే అతని భార్య సుభాషిణి నిలబడి ఉంది. మరునాడు తెలంగాణ బంద్. జనగామ బజారంతా ముందే కొనుగోళ్లలో ఉంది. దుకాణదారు జగదీష్ ఇంటర్నెట్ సినిమాలను టీవీలో చూపించే పెట్టెలు రెండు బల్ల మీద పెట్టాడు.

“దీని రిమోట్‌కు బటన్లు మస్తున్నయ్ వదినా. గీ రెండోదానికి ఐదే.”

“ఐదా? నాలుగు ఎక్కువనే,” అన్నాడు లక్ష్మీనర్సయ్య. తాను గోదాములో ఉంటే ఆమె బటన్‌కొక ఫోన్ చేస్తుందని అతని బాధ.

జగదీష్ ఐదు బటన్ల పెట్టెను టీవీకి కలిపి ఒక సినిమా పెట్టాడు. తెర మీద నౌకరు “గిట్లెట్ల జేస్తరయ్యా?” అన్నాడు. ఆ యాసకు హీరో వాడి నెత్తిన ఒకటి మొట్టాడు. లక్ష్మీనర్సయ్య పగలబడి నవ్వాడు.

“నవ్వవేందే? సమజ్ కాలేదా?”

“అయింది. పొద్దుగాల పాలాయనతోని మీరు గదే మాట అన్నరు. నేను అప్పుడూ నవ్వలే.”

జగదీష్ తల దించుకున్నాడు.

“తమ్మీ, బంద్ చేసుడు ఎట్ల?” అని అడిగింది సుభాషిణి. అతను ఎర్ర బటన్ చూపించాడు. ఆమె నొక్కింది. తెర నల్లబడింది.

“గిదే ప్యాక్ చెయ్యి. బంద్ చేసుడు అల్కగున్నది.”

“నడుమల్నే గిట్లెట్ల...” అని మొదలుపెట్టిన లక్ష్మీనర్సయ్య, ఆ మాట దగ్గరే ఆగిపోయాడు.