నక్షత్రం నుంచి వచ్చిన చుట్టం

అడవి జంతువులు చీకటి గుహలో ఒక నాటకం వేయబోతున్నాయి. వెయ్యేళ్ల తర్వాత జరిగే కథ అది. నక్షత్రం నుంచి దిగే వింతజీవి వేషం మిణుగురుది. భూలోకవాసి కప్ప. దర్శకుడు కొంగ చెప్పినట్టు, ఆఖరి రంగంలో కప్ప "రా బావా, అలసిపోయుంటావు" అంటూ వింతజీవిని వీపు మీద ఎక్కించుకోవాలి.

ఇంతలో చెరువు ఎండి కొంగ ఎగిరిపోయింది. దర్శకత్వం తొండ చేతికొచ్చింది.

"ఒక్క మాట కూడా మార్చను. ఆ జీవి చుట్టం కాదు, శత్రువు. అంతే తేడా," అంది తొండ తలాడిస్తూ.

మాటలు అవే కదా అని మిణుగురు నిశ్చింతగా ఉంది.

ప్రదర్శన రోజున గుహ కిటకిటలాడింది. మిణుగురు మెరుస్తూ దిగింది.

"రా బావా, అలసిపోయుంటావు," అంది కప్ప. వీపు మాత్రం వంచలేదు. నోరు తెరిచింది.

మిణుగురు కొయ్యబారిపోయింది. "బావా! ఇది నాటకమే కదా?"

"నన్నేం చెయ్యమంటావు? సహజంగా నటించమన్నారు," అంటూ కప్ప నాలుక చాచింది.

మిణుగురు చటుక్కున పైకెగిరి తన ఒంటి దీపం ఆర్పేసింది. గుహలో ఉన్న ఒకే ఒక్క వెలుగు అదే.

"దీపం! దీపం! ఆఖరి రంగం కనబడట్లేదు!" అని తొండ అరిచింది.

పైనుంచి మిణుగురు గొంతు వినిపించింది.

"వెలుగు తెచ్చింది చుట్టమండీ. శత్రువుని మీరే వెతుక్కోండి."