జారుముడి

పైలట్ ఓబులేసు ఇంట్లో కూర్చునే విమానాలు నడుపుతాడు. పొద్దున ఆరింటికి తెర ముందు కూర్చుంటే సాయంత్రం ఆరు దాకా తొమ్మిది విమానాలను కనిపెట్టుకుని ఉండాలి. అవి వాటంతటవే ఎగురుతాయి. ఏదైనా తడబడితే పిడి పట్టుకుని సరిచేయాలి. పిడి పట్టిన నిమిషాలకే జీతం. కనిపెట్టుకుని ఉన్నందుకు కంపెనీ ఏమీ ఇవ్వదు.

"పిట్టను తోలినప్పుడే కూలంటే మంచె మీద ఎవుడు కుచ్చుంటాడ్రా?" అన్నాడు తండ్రి అరుగు మీది నుంచి.

"నేను కుచ్చోలేదా నాయనా!"

ఇరవై రెండు రోజులుగా ఆకాశం తేటగా ఉంది, పిడి పట్టే పనే పడలేదు. నిన్నటితో జొన్నలు అయిపోయాయి. ఊరికే పిడి కదిలించినా జీతం లెక్కలో నిమిషాలు పడతాయి గానీ, విమానం ఒక్క కుదుపు కుదుపుతుంది. పోయిన వారం పక్కూరి పైలట్ అలాగే చేస్తే లోపల ఒక ముసలామె నడుము విరిగింది. అప్పటి నుంచీ ఓబులేసు రోజూ అడిగి మరీ భార్య సుంకమ్మ చేత కుడిచెయ్యి తువ్వాలుతో కుర్చీకి కట్టించుకుంటున్నాడు. బర్రెకు వేసే జారుముడి అది. నిజంగా అవసరమొస్తే ఒక్క లాగుకు ఊడుతుంది. ఆశ పుడితే, ఆ లాగేలోపు బుద్ధి వస్తుంది.

ఈరోజు సుంకమ్మ తువ్వాలు చుట్టి వదిలేసింది.

"ముడి మర్చిపోతివే."

ఆమె ఖాళీ చేట గోడకు ఆనించింది. "మర్చిపోలా," అంది.

ఓబులేసు తువ్వాలు కొస పళ్లతో పట్టుకుని, ఎడమచేత్తో తనే ముడి వేసుకున్నాడు. తెర మీద తొమ్మిది విమానాలూ తిన్నగా పోతున్నాయి.