పదకొండో ప్యాకేజీ

"మళ్లీ దొరికింది మేడమ్!"

ఫోనులో భానుప్రకాశ్ గొంతు సంబరంగా మోగింది. కీర్తన కళ్లు మూసుకుంది.

"ఏం దొరికింది సార్?"

"వాన లెక్కలో మూడో పట్టిక సూడండి. సంఖ్య రెండువందల కోట్లు దాటితే మైనస్‌లోకి పోతాండాది. నేను పట్టుకోలేననుకున్నారా?" అని పకపకా నవ్వాడు.

ఆ నవ్వు విన్నప్పుడల్లా ఆమెకు ఒళ్లు మండేది. అయినా, "సరి చేస్తాను సార్" అంది.

అది తొమ్మిదో ప్యాకేజీ. అంతకుముందు పంపిన ఎనిమిదీ ఇలాగే తిరిగొచ్చాయి.

నెలన్నర క్రితం మదనపల్లెలోని ఒక కాలేజీలో బెంగళూరు కంపెనీ ఒకటి పరీక్ష పెట్టింది. కీర్తన నెగ్గింది. కానీ ఉద్యోగం వెంటనే ఇవ్వలేదు. ముందు ట్రయల్ అన్నారు. శాస్త్రవేత్తలు పెద్ద కంప్యూటర్లలో వాడే ఒక లెక్కల లైబ్రరీ, అంటే ప్రోగ్రాముల కట్ట, ఉంది. వానను, నేల తడిని లెక్కగట్టేది. దాన్ని ఏ ఇన్‌స్టాలూ లేకుండా మామూలు ఫోను బ్రౌజరులోనే నడిచేటట్టు ప్యాక్ చేయాలి. అది నడిస్తే ఉద్యోగం ఆర్డరు. నడవకపోతే లేదు. ఈలోగా జీతం లేదు.

"మీ పని కుప్పం నుంచి భానుప్రకాశ్ గారు చూస్తారు" అని మెయిల్లో ఒక్క ముక్క రాశారు.

పుంగనూరులో ఆమె పనిచేసే ప్రైవేటు బడిలో హెడ్మాస్టరు కృష్ణప్ప మంచివాడు. సెలవు పెట్టిన ఆమె కోసం కంప్యూటరు టీచరు పోస్టును వచ్చే సోమవారం దాకా ఖాళీగా ఉంచుతానన్నాడు. ఆ తర్వాత తన చేతిలో లేదన్నాడు. వాళ్ల ఇల్లు నడిచేది ఆ పోస్టుతోనే.

"యాలమ్మా ఏడుస్తావు? ఎవుడే వాడు, ఎంత చేసినా బాగలేదంటాడు?" అంది తల్లి చెంగమ్మ.

"పెద్ద ఆఫీసరులేమ్మా."

"నా చేతికియ్యి ఆ ఫోను. కుప్పం దాకా ఇనపడేటట్టు అడుగుతా."

కీర్తనకు నవ్వొచ్చింది. చెంగమ్మ గొణుక్కుంటూనే ఫ్యాను తన వైపు నుంచి కూతురి వైపు తిప్పి, కొంగుతో విసురుకుంటూ గడప మీద కూర్చుంది.

మైనస్ తప్పు పోవడానికి మూడు రోజులు పట్టింది. పదో ప్యాకేజీ పంపింది. గంటలో ఫోను.

"రెండు దొరికినాయి మేడమ్! సైజు నలభై ఎనిమిది ఎంబీ. పెద్దపంజాణి లాంటి పల్లెలో రైతు ఫోన్లో ఇది తెరుచుకునే లోపల వాన వచ్చి పోతుంది. రెండోది, నెట్టు పోతే మొత్తం ఆగిపోతాండాది. ఇంత సులభమైనవి యాల పెట్టినారు?"

కీర్తన పెదవి కొరుక్కుంది. మనిషిని ఇంతగా ఎగతాళి చేయాలా?

కానీ పని మానలేదు. అక్కరలేని ముక్కలన్నీ ఒక్కొక్కటే పెరికేసింది. నలభై ఎనిమిది తొమ్మిదికి దిగింది. ఒకసారి తెరిస్తే చాలు, తర్వాత నెట్టు లేకున్నా నడిచేటట్టు చేసింది. తల్లి పాత ఫోనులో పెట్టి చూసింది. గీతలు పడ్డ ఆ అద్దం మీద పచ్చని పటం మెల్లగా విచ్చుకుంది.

"బాగుండాదే!" అంది చెంగమ్మ. అదేమిటో ఆమెకు తెలియదు.

శనివారం పొద్దున పదకొండో ప్యాకేజీ పంపింది. మధ్యాహ్నం దాకా ఫోను రాలేదు. వచ్చినప్పుడు ఆ గొంతులో నవ్వు లేదు.

"ఏమీ దొరకలేదు మేడమ్." అవతల కీబోర్డు టకటకలాడింది. "నిజంగానే ఏమీ లేదా? నాకే కనపడలేదా?"

"లేదు సార్. అంతా సరిగ్గానే ఉంది."

"పొద్దుటి నుంచి వెతుకుతాండాను మేడమ్. అన్నం కూడా తినలేదు."

బాగుందని ఒప్పుకోవడానికి కూడా ఈయనకు మనసు రావడం లేదు, అనుకుంది కీర్తన. అనుకుని, మొదటిసారి తనే నవ్వింది.

సాయంత్రం ఆఫీసు మెయిలు వచ్చింది. ప్యాకేజీ అందింది, చాలా బాగుంది, కంపెనీ సైటులో పెట్టేశాం, మిగతా విషయాలు భానుప్రకాశ్ గారితో మాట్లాడుకోండి.

ఆమె వెంటనే కృష్ణప్పకు ఫోను చేసింది.

"బాగా ఆలోచించుకున్నావామ్మా? ఈడ ఒకామె రెడీగా ఉండాది. పెట్టుకున్నాక మళ్లీ వస్తానంటే కుదరదు."

"రాను సార్. ఉద్యోగం వచ్చేసింది."

"సంతోషమమ్మా" అన్నాడాయన. నిజంగానే సంతోషించాడు.

తర్వాత భానుప్రకాశ్‌కు చేసింది. "రేపు కుప్పం వస్తాను సార్. ఆర్డరు సంగతి నేరుగా మాట్లాడుకుందాం."

అవతల కుర్చీ జరిగిన చప్పుడు. "మీరే వస్తారా మేడమ్? బస్టాండులోనే ఉంటాను. ఎన్ని గంటలకైనా ఉంటాను."

ఆదివారం చెంగమ్మ శనగవిత్తనాల ఉండలు డబ్బాలో పెట్టిచ్చింది. "ఆయప్పకియ్యి. తిట్టినా మంచే చేసినాడు."

పలమనేరులో బస్సు మారింది కీర్తన. దారి పొడవునా ఒకటే ఆలోచన. కోపం పోయింది. ఆ మనిషి అంత కఠినంగా లేకపోతే తనకు ఇంత పని వచ్చేదా? కాళ్లకు దండం పెట్టినా తప్పులేదనుకుంది.

కుప్పం బస్టాండులో పెద్ద ఆఫీసరు కోసం వెతికింది. ఎవరూ కనిపించలేదు. బెంచీ మీద నుంచి సన్నటి కుర్రవాడొకడు లేచి వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, అరిగిన చెప్పులు. "కీర్తన మేడమేనా? నేను భానుప్రకాశ్" అన్నాడు. తాను కూర్చున్న చోటును చేత్తో తుడిచి ఆమెను కూర్చోమన్నాడు. నీళ్ల సీసా మూత తిప్పి చేతికిచ్చాడు. తాను మాత్రం నిలబడే ఉన్నాడు.

"సార్, నా ఆర్డరు..." అని మొదలుపెట్టింది ఆమె, డబ్బా అందిస్తూ.

అతను డబ్బా తీసుకోలేదు. చంకలో ఉన్న సర్టిఫికెట్ల ఫైలును రెండు చేతులా ముందుకు చాచాడు.

"ఆర్డరు మీరే ఇస్తారని కదా మేడమ్ ఆఫీసోళ్లు చెప్పినారు, నన్ను పరీక్షించేదానికి మీరు కావాలని పెట్టిన తప్పులన్నీ పట్టుకున్నాను, ఇంతటితో నా ఎనిమిది నెలల ట్రయల్ పాసయినట్టేనా?"