గిజిగాడి ముడులు

దగ్గరికి జరగండి తల్లీ. వెనకున్న బాబులూ, మీరూ రండి. దేవుడు చల్లగా చూసిన ఒక అడవి సంగతి చెబుతాను.

అక్కడ ఏ పిట్టకు గూడు కావాలన్నా గిజిగాడే పుల్లలూ నారా వెతికి తెచ్చి, ఊరికే కట్టిపెట్టేవాడు. ఒకనాడు కాకి, "గిజిగన్నా, నా గూడు తీసెయ్," అంది. గిజిగాడు పుల్లలు దించి, నార కూడా లాగేశాడు. పక్కనున్న గువ్వ గూడు కూడా ఆ నార మీదే నిలిచి ఉంది. అది ఒక్కసారిగా ఒరిగిపోయింది.

"అయ్యో, నా గుడ్లు!" గువ్వ రెక్కలు చాచి అడ్డం పడింది.

"ఊరికే చేసే పని ఇంతేలే!" కాకి నవ్వింది.

గిజిగాడు నార కొస ముక్కున కరుచుకుని, గబగబా బిగించాడు. "తప్పు నాదే చెల్లీ. ఇంకెవరికి ఆధారమో చూడకుండా లాగాను."

గుడ్లు దక్కాయి. గిజిగాడు మాత్రం ఆగలేదు. కట్టిన ప్రతి గూటికీ వెళ్ళి, ఒక్కో నార ఎన్ని గూళ్ళను మోస్తోందో చూసి, దానికి అన్ని ముడులు వేశాడు. ఒక గూడు తీసినప్పుడల్లా ఒక ముడి విప్పుతాడు; ఒక్క ముడి మిగిలున్నా ఇక ఆ నార లాగడు.

"ఎవరడిగారన్నా, ఇన్ని చెట్లు తిరగమని?" అంది గువ్వ.

"ఇంకో తల్లి అరిచేదాకా ఆగమంటావా?"

గువ్వ దేవుడికి దణ్ణం పెట్టినట్టు తల వంచింది.

ఒక గూడు ఒరిగితే అడవంతా చూసొచ్చాడు, ఆ ఒక్క పనీ గుర్తుంచుకోండి నాయనా. మీ చేతి తప్పు మీకు కనబడిన రోజున మీరూ అలాగే అన్నిచోట్లా చూసి రండి.