క్రుషేవ్ రిద్‌కు ఒక చుక్క

...అయినా చీకటి అంటే ఏమిటి, మనుషులు లేకపోవడమా, ఉన్నా వాళ్ల గురించి ఎవరూ రాయకపోవడమా అనుకుంటూ జ్లాతినా తెర మీది పటాన్ని చూస్తోంది. ఏ ఊరి గురించి ఎక్కడైనా ఏదైనా అచ్చయితే పటంలో ఆ ఊరికి ఒక తెల్లచుక్క. పారిస్ చుట్టూ, లండన్ చుట్టూ పిండి ఒలికినట్టు చుక్కలే. బల్గేరియా వాయవ్య మూలకు వచ్చేసరికి నల్లటి ఖాళీ. ఆ ఖాళీలోనే క్రుషేవ్ రిద్ ఉంది. ఆ ఊళ్లో మిగిలింది త్సోనా అవ్వ ఒక్కతే.

"అచ్చులో ఆధారం లేకపోతే చుక్క లేదు," అన్నాడు పక్క బల్ల ప్లామెన్. "శుక్రవారం పటం ప్రెస్సుకెళ్తుంది. మీ అవ్వ కోసం ఆగదు."

"మా అవ్వ కాదు. సర్వేకి వెళ్తే రొట్టె పెట్టిన మనిషి."

జ్లాతినా ఫోన్ చేసింది. "అవ్వా, మీ ఊరి గురించి పేపర్లో ఎప్పుడైనా పడిందా?"

"ఆ పేపరు విలేకరిని మూడు మాట్లు రమ్మన్నానమ్మాయ్. ముసలిదొక్కతే ఉన్న ఊళ్లో వార్తేముంటదన్నాడు. నేను పోతే ఇక్కడో ఊరుండేదని చెప్పేదెవరు? నీ పటంలో అయినా పెట్టు."

"రుజువు అడుగుతున్నారవ్వా."

"సరేలే," అని అవ్వ ఫోన్ పెట్టేసింది.

గురువారం ప్లామెన్ పేపరు తెచ్చి ఆమె ముందు పరిచాడు. 'క్రుషేవ్ రిద్ చివరి మనిషి కన్నుమూత.' అక్కడి ఆనవాయితీ ప్రకారం బస్టాపు గోడకు ఫొటోతో అంటించిన మరణ ప్రకటన చూసి విలేకరి ఊరికి వెళ్లాడట. చర్చి, మూతబడ్డ బడి, ద్రాక్షతోటలు, అన్నీ రాశాడు.

"దొరికింది ఆధారం! పెట్టెయ్ చుక్క," అన్నవాడు ఆమె ముఖం చూసి తగ్గాడు.

ఆమె చుక్క పెట్టకుండా ఫోన్ తీసింది. ఆ ఇంట్లో ఫోన్ ఒక్కసారి మోగితే చాలనిపించింది. ఎత్తేవాళ్లు లేరని తెలిసీ నంబరు నొక్కింది. నాలుగో మోతకు ఎవరో ఎత్తారు.

"నువ్వేనా అమ్మాయ్? వేశాడా? ఎంత వేశాడు?"

"అర... అరపేజీ. అవ్వా, ఆ ప్రకటన..."

"నేనే అచ్చేయించా, నేనే అంటించా. బతికుండి పిలిస్తే రానోడు, చచ్చానంటే చర్చిగంట మీది అక్షరాలు కూడా రాసుకుపోయాడు. నేను తలుపేసుకు కూర్చున్నా." అవ్వ నవ్వబోయి దగ్గింది. దగ్గు ఎంతకీ ఆగలేదు. "అబద్ధమని దిగులు పెట్టుకోమాక. డాక్టరు చెప్పాడు. ద్రాక్షకోతల్లోగా నిజమైపోద్దిలే."

చెవిలో ఆ దగ్గు వింటూనే జ్లాతినా చుక్క పెట్టింది.