మనిషి లేని గది

మధ్యాహ్నం కునుకు తీసి లేచిన అంకారావు గది దాటుతూ అలవాటుగా ఫ్యాను కట్టేశాడు.

"ఏమండీ!" అంది మంచం మీదున్న భార్య మాణిక్యమ్మ. ఆయన అప్పటికే వీధి తలుపుకు బయట తాళం వేస్తున్నాడు. మామిడికాయలు కోసే మనుషులు తోటలో ఎదురుచూస్తున్నారు.

తిరువూరులో ఆ వీధికి మొదట ఫ్యాను పెట్టించింది ఆయనే. చూడ్డానికి వచ్చినవాళ్లకల్లా పాఠం చెప్పేవాడు. "ఎండెక్కక ముందే కిటికీలు మూసెయ్యాలి, చల్లబడ్డాక తెరవాలి. ఫ్యాను గదిని చల్లబరచదయ్యా, మనిషికి గాలి తగిలిస్తుంది, అంతే. మనిషి లేని గదిలో అదెందుకు?"

కిటికీలన్నీ మూసే ఉన్నాయి. మాణిక్యమ్మ కాలికి తొడ దాకా పిండికట్టు. స్విచ్చి గుమ్మం పక్కన. చేతిలోని విసనకర్రను గురిచూసి దానిమీదికి విసిరింది. అది గోడకు తగిలి కింద పడింది. ఇక విసురుకోవడానికి అదీ లేదు.

దీపాలవేళకు అంకారావు వచ్చాడు. చెమటకు చీర ఒంటికి అంటుకుపోయి, పెదాలు ఎండిపోయి పడున్న భార్యను చూసి కంగారుపడ్డాడు. కిటికీలు బార్లా తెరిచి ఫ్యాను వేశాడు.

"అయ్యయ్యో, నువ్వున్నావన్న సంగతే మర్చిపోయానే! ఇంకెప్పుడూ ఇలా జరగదు. ఉండు, మంచినీళ్లు తెస్తా."

గబగబా వంటింటి వైపు కదిలాడు. గుమ్మం దాటుతూ టక్కున ఫ్యాను కట్టేశాడు.